మీ ఇంట్లో నిఘంటువు ఉందా?

ఈ మధ్య మనందరికీ ఒకటే జబ్బు. పిల్లాడి పరీక్షలంటే టెన్షన్. పనిమనిషి రాకపోతే టెన్షన్. అమ్మాయి ట్యూషన్ నుంచి పావుగంట ఆలస్యంగా వస్తే టెన్షన్. ఆఖరికి ఆవకాయ బూజు పడుతుందేమోనన్నా టెన్షనే! ఇన్నిటికీ కలిపి ఒక్కటే మాట.

మన అమ్మలకీ అమ్మమ్మలకీ ఇవేవీ లేవా అంటే, అన్నీ ఉన్నాయి. కానీ వాళ్ళు ఒక్కొక్కదానికీ ఒక్కో పేరు పెట్టుకున్నారు. రావలసిన మనిషి వేళకి రాకపోతే ఆదుర్దా. చుట్టాలు దిగే వేళకి వంట కాకపోతే కంగారు. హాస్టల్లో దించి వచ్చిన పిల్ల గుర్తొస్తే బెంగ. కూతురి కాపురం గురించి పైకి చెప్పుకోలేక లోపలే మోసేది దిగులు. అర్ధరాత్రి ఎవరో తలుపు తడితే గుండెల్లో గుబులు.

వీటిలో ఒకదానికి పనిచేసే మందు ఇంకోదానికి పనిచేయదు. బెంగ పెట్టుకున్న పిల్లకి కావలసింది అమ్మ. కంగారు పడుతున్న మనిషికి కావలసింది ఓ చెయ్యి సాయం. దిగులుకి కావలసింది పక్కన కూచుని వినే మనిషి. అన్నిటినీ టెన్షన్ అనేస్తే ఎదుటివాళ్ళు ‘టెన్షన్ పడకు’ అనేసి మళ్ళీ టీవీ వైపు తిరుగుతారు. ఏం కావాలో చెప్పడానికి మన దగ్గరే మాట లేనప్పుడు వాళ్ళని అని ఏం లాభం?

ఒంటి నొప్పుల సంగతీ ఇంతే. డాక్టరు ‘ఎలా ఉందమ్మా నొప్పి?’ అని అడిగితే ‘ఏదో నొప్పండీ’ అని ఊరుకునేవాళ్ళం ఎంతమందిమి లేము? తెలుగులో పన్ను పోటు పెడుతుంది. కురుపు సలుపుతుంది. కాళ్ళు పీకుతాయి. నరం లాగుతుంది. కడుపులో మెలిపెడుతుంది. చెయ్యి తిమ్మిరెక్కుతుంది. పోటుకీ సలుపుకీ తేడా చెప్పగలిగిన మనిషికి వైద్యం సగం సులువవుతుంది. కాబట్టి మాటలు తెలియడం పండితుల సరదా వ్యవహారం మాత్రమే కాదు. మన ఒంటికీ మనసుకీ సంబంధించిన అవసరం.

అందుకే నేననేది ఒక్కటే. ప్రతి ఇంట్లోనూ ఒక తెలుగు నిఘంటువు ఉండాలి. అదీ అద్దాల బీరువాలో కాదు, చేతికందే చోట. దాంతోపాటు అందులో ఎక్కని మన మాటల కోసం ఒక నోటుబుక్కూ ఉండాలి.

వచ్చిన భాషకి నిఘంటువెందుకు?

‘మనకి తెలుగు వచ్చు కదా, మళ్ళీ తెలుగు నిఘంటువెందుకు?’ అని చాలామంది అడుగుతారు. మన ఇళ్ళల్లో నిఘంటువంటే శంకరనారాయణగారి ఇంగ్లీషు–తెలుగు డిక్షనరీయే. పిల్లల చదువుల కోసం కొంటాం, చదువులు అయిపోగానే అటకెక్కిస్తాం. కానీ తెలియని మాటకి అర్థం చూసుకోవడం నిఘంటువు చేసే పనుల్లో ఒకటి మాత్రమే. తెలిసిన భావానికి సరైన మాట వెతికిపెట్టే నిఘంటువులూ ఉన్నాయి. వాటినే పర్యాయపద నిఘంటువులంటాం. ‘అదేదో మాట, నోటి చివర ఉంది, రావడం లేదు’ అనుకునే క్షణంలో చెయ్యందించేవి ఇవే.

ఇంగ్లీషులో ఇలాంటి పుస్తకమంటే అందరూ రోజెట్ పేరు చెబుతారు. పీటర్ మార్క్ రోజెట్ అనే డాక్టరు తన డెబ్భై మూడో ఏట, 1852లో దాన్ని అచ్చు వేయించాడు. మాటల్ని అక్షరక్రమంలో కాకుండా వెయ్యి భావాల కింద వర్గాలుగా సర్దాడు. చిత్రమేమిటంటే బ్రౌన్‌దొరగారి ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు మద్రాసులో వెలువడిందీ అదే 1852లోనే.

అయితే మాటల్ని భావాలవారీగా సర్దడం మనకి ఇంగ్లీషువాళ్ళు నేర్పిన విద్య కాదు. రోజెట్‌కి వెయ్యేళ్ళకి పైగా ముందే అమరసింహుడు సంస్కృతంలో అమరకోశం రాశాడు. దేవతలు ఒక వర్గం, కాలం ఒక వర్గం, ఊళ్ళూ ఇళ్ళూ ఒక వర్గం, చెట్లూ మందులూ ఒక వర్గం, మనుషులు ఒక వర్గం. అంతా శ్లోకాల్లో, కంఠతా పట్టడానికి వీలుగా. అదే బాటలో పైడిపాటి లక్ష్మణకవి తెలుగు మాటలకి ‘ఆంధ్రనామసంగ్రహం’ పద్యాల్లో కట్టాడు. మన కాలంలో ఆచార్య జి.ఎన్.రెడ్డిగారి ‘తెలుగు పర్యాయపద నిఘంటువు’ వచ్చింది. దీన్ని కంఠతా పట్టక్కర్లేదు, పేజీ తిప్పితే చాలు.

అయితే ఒక చిక్కుంది. బడిలో పర్యాయపదాలంటే రెండు మార్కుల ప్రశ్న. సూర్యుడు, రవి, భానుడు, ఆదిత్యుడు అని వరసగా రాసేసి అన్నీ ఒకటే అనుకుంటాం. నిజానికి ఏ రెండు మాటలూ అచ్చంగా ఒకటి కావు. పక్కపక్క ఇళ్ళ లాంటివి, అంతే. పైట సర్దుకుంటాం గానీ కొంగు సర్దుకోం. కొంగుతో మొహం తుడుచుకుంటాం, పైటతో కాదు. పిల్లాడు పట్టుకు వేలాడేదీ కొంగే. పైట మర్యాదకి సంబంధించింది, కొంగు పనికీ ప్రేమకీ సంబంధించింది. బట్ట మాత్రం ఒకటే!

కథలు రాసేవాళ్ళకి ఇది బాగా అనుభవం. ‘ఆమె ఏడ్చింది’ అని రాసి ఊరుకోవడం తేలిక. కానీ ఆమె వెక్కిందా, భోరుమందా, గొల్లుమందా, కుమిలిందా, గుడ్లనీరు గుడ్ల కుక్కుకుందా? భోరుమన్నదానికి చుట్టూ నలుగురు ఉండవచ్చు. గుడ్లనీరు గుడ్ల కుక్కుకున్నదానికి ఏడ్చే హక్కు కూడా లేదేమో! ఒక్క మాటలోనే ఆమె ఇల్లెలాంటిదో తెలిసిపోతుంది. ఇది కథలకే కాదు, కూతురికి రాసే ఉత్తరానికీ, అన్నగారితో ఆస్తి విషయం మాట్లాడటానికీ, ఆఫీసులో ఇచ్చే అర్జీకీ వర్తిస్తుంది. ‘అవమానం’ అనాల్సినచోట ‘ఇబ్బంది’ అంటే మన బాధని మనమే తగ్గించి చెప్పుకున్నట్టు.

ఎవరి మాటలు ఎక్కాయి?

నిఘంటువుని ఇంతగా మెచ్చుకుంటూనే ఒక ప్రశ్న వేసుకోవాలి. అందులో ఎవరి మాటలున్నాయి?

బహుజనపల్లి సీతారామాచార్యులుగారి ‘శబ్దరత్నాకరం’ 1885లో వచ్చింది. ఈనాటికీ అది లేని తెలుగు పండితుడి ఇల్లుండదు. పిఠాపురం రాజావారి పోషణలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు తలపెట్టిన ‘సూర్యరాయాంధ్ర నిఘంటువు’ మొదటి సంపుటం 1936లో వచ్చి, చివరికి ఎనిమిది సంపుటాలయింది. రెండూ మహాకార్యాలే. కానీ రెండిటికీ ప్రధానమైన ఆధారం కావ్యాలూ గ్రంథాలూ. పుస్తకానికెక్కిన మాటకే పీట. సూర్యరాయాంధ్రానికి ముందు నిలిచిన జయంతి రామయ్యపంతులుగారు గ్రాంథికవాదులకి నాయకుడు. వాడుకభాష కోసం గిడుగు రామమూర్తి పంతులుగారు చేసిన పోరాటమంతా వాళ్ళతోనే కదా!

ఇప్పుడు ఆలోచించండి. ఆ కావ్యాలు రాసినవాళ్ళలో ఆడవాళ్ళు ఎంతమంది? మొల్ల, తిమ్మక్క, ముద్దుపళని, వెంగమాంబ అంటూ వేళ్ళ మీద లెక్కపెట్టాల్సిందే. మిగతా లక్షలమంది ఆడవాళ్ళూ మాట్లాడారు గానీ రాయలేదు. రాయని మాట నిఘంటువుకి ఎలా ఎక్కుతుంది? నలుగురూ మాట్లాడే మాటలకి బ్రౌన్ తన నిఘంటువుల్లో చోటిచ్చాడు గనక మన పెద్దవాళ్ళ నోటి మాటలు కొన్ని అక్కడ దొరుకుతాయి. పొరుగు దేశం మనిషికి వీధిలో మాటా ముద్దే అయింది, మన పండితులకి కాలేకపోయింది.

ఈ లోటు చూసి పూనుకున్నవారు భద్రిరాజు కృష్ణమూర్తిగారు. పుస్తకాలు పక్కన పెట్టి, ఊళ్ళవెంట తిరిగి, రైతుల్ని అడిగి సేకరించిన మాటలతో ‘మాండలిక వృత్తిపదకోశం’ తయారు చేశారు. వ్యవసాయపు మాటల సంపుటం 1962లో, చేనేత మాటల సంపుటం 1971లో సాహిత్య అకాడమీ వేసింది. నాగలికెన్ని భాగాలో, ఒక్కో భాగాన్ని ఏ జిల్లాలో ఏమంటారో చదువుతుంటే పొలం గట్టున నిలబడ్డట్టుంటుంది.

సరిగ్గా అలాంటి ఓపికే మన వంటింటి మీదా చూపించాలి. వంట వృత్తి కాదా? అమరసింహుడు కూడా వంటింటి మాటల్ని వైశ్యవర్గంలో, సేద్యం, వ్యాపారాల సరసన కూచోబెట్టాడు. అంటే బతుకుతెరువు లెక్కలోనే వేశాడన్నమాట. ఆ పాటి గుర్తింపు ఈనాటి జనాభా లెక్కలవాళ్ళు కూడా మనకి ఇవ్వడం లేదు!

వంటింట్లో ఎన్ని మాటలున్నాయో ఒక్కసారి గమనించండి. పాలు కాస్తాం, నీళ్ళు మరిగిస్తాం, పప్పు ఉడికిస్తాం, గంజి వారుస్తాం, ఆకుకూర మగ్గబెడతాం, పులుసు ఇగరబెడతాం. కూర తరుగుతాం, ఆకు తుంచుతాం, చిగురు గిల్లుతాం, కొబ్బరి తురుముతాం, తొక్క చెక్కుతాం. బియ్యం చేటలో వేసి చెరుగుతాం, రాళ్ళు ఏరతాం, మిగిలిన మట్టిబెడ్డలకోసం నీళ్ళలో గాలిస్తాం. పిండి జల్లిస్తాం. శనగలు విసురుతాం, పప్పు రుబ్బుతాం, పసుపు దంచుతాం, గంధం తీస్తాం. కరివేపాకుకి రెబ్బ, కొత్తిమీరకి కట్ట, అరటికి గెల, పనసకి తొన, మామిడికి టెంక, చింతకి పిక్క, గుమ్మడికి గింజ. ఒక్కటి బదులు ఇంకొకటి వాడితే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ఇదంతా ఏ బడిలోనూ నేర్పని వ్యాకరణం.

మిక్సీ వచ్చాక రుబ్బడం, నూరడం, దంచడం, విసరడం అన్నీ కలిసి ‘మిక్సీ వెయ్యడం’ అయిపోయాయి. మిక్సీ వద్దనడం లేదు. రోలు ముందు గంటలకొద్దీ కూచుని నడుం పడిపోయిన అమ్మల్ని చూశాక ఎవరూ అలా అనలేరు. శ్రమ పోవాల్సిందే. కానీ పనితోపాటు మాట కూడా మట్టిలో కలిసిపోనక్కర్లేదు. రోలు మ్యూజియంలో దొరుకుతుంది. దాని చుట్టూ ఉన్న మాటలు మనం రాసిపెట్టకపోతే మ్యూజియంలో కూడా దొరకవు.

మనకి పెట్టిన పేర్లు

నిఘంటువు చేతిలో ఉండటం వల్ల ఇంకో లాభం. లోకం మనల్ని ఏమని పిలిచిందో తెలుస్తుంది. అమరకోశంలో స్త్రీకి ఉన్న మాటల్లో అబల ఒకటి, అంటే బలం లేనిది. భీరువు ఒకటి, భయస్తురాలు. భామిని, కోపన అన్నవి కోపిష్టి మనిషికి. బలమూ లేదట, భయమూ ఉందట, అయినా కోపం మాత్రం బోలెడట! మూడూ ఒకే మనిషికి ఎలా కుదిరాయో అని నవ్వుకోవచ్చు. కానీ బలం లేనివాళ్ళకి వచ్చే కోపానికి కారణమేమిటో ఆలోచిస్తే నవ్వు ఆగిపోతుంది.

తెలుగు మాటలకొస్తే మగువ, పడతి, ఇంతి, అతివ, ముదిత, కొమ్మ... పద్యంలో గణాలు సరిపెట్టుకోవడానికి ఇంతమంది ఉన్నాం. పక్కింటావిడని ఎవరైనా ‘పడతీ!’ అని పిలిచారా? మరోవైపు భర్త పోయిన ఆడదానికున్న మాట వీధి తిట్టయి కూచుంది. భార్య పోయిన మగవాడికి ‘విధురుడు’ అనే మాట నిఘంటువులో భద్రంగా ఉంది గానీ దాంతో ఎవరినీ తిట్టినట్టు విన్లేదు. గొడ్రాలు, గయ్యాళి అనే మాటలకి మగవాళ్ళ వైపు సరిజోడు వెతకండి, ఎంతసేపు పడుతుందో చూడండి.

తప్పు నిఘంటువుది కాదు. అది అద్దం. అద్దంలో మరక కనిపిస్తే మొహం కడుక్కోవాలి. అందుకే నిఘంటువుని పూజాపుస్తకంలా కాక, పెన్సిలు చేతపట్టుకుని చదవాలంటాను.

మాటని తిరగరాయడం మనవాళ్ళకి కొత్త కాదు. భండారు అచ్చమాంబగారు 1901లో వెలువరించిన గ్రంథం పేరు ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’. పేరులో అబల ఉంది, లోపలంతా చదువుకున్న, పాలించిన, పోరాడిన స్త్రీల చరిత్రలు. పుస్తకం పూర్తయ్యేసరికి ఆ మాటకి అర్థమే తిరగబడుతుంది. తెలుగులో విజ్ఞాన సర్వస్వానికి పునాది వేసిన కొమర్రాజు లక్ష్మణరావుగారు ఆవిడ తమ్ముడే. తమ్ముడు లోకవిజ్ఞానమంతా పోగుచేయడానికి పూనుకుంటే, అక్క అంతకుముందే చరిత్ర వదిలేసిన ఆడవాళ్ళని పోగుచేసింది.

భోజనాల బల్ల మీద నిఘంటువు

‘ఇవన్నీ ఇంటిపని చేసుకునే మాలాంటివాళ్ళ వల్ల అవుతాయా?’ అంటారేమో. స్పెయిన్ దేశంలో మరియా మోలినేర్ అనే ఆవిడ ఉండేది. లైబ్రరీలో ఉద్యోగం, ఇంట్లో భర్త, పిల్లలు. యాభై ఏళ్ళు దాటాక, ఇంట్లో కూచుని, చీటీల మీద ఒక్కో మాటా రాసుకుంటూ స్పానిష్ భాషకి వాడుక నిఘంటువు తయారు చేయడం మొదలుపెట్టింది. సుమారు పదిహేనేళ్ళు పట్టింది. 1966, 67లలో రెండు పెద్ద సంపుటాలుగా వచ్చింది. మాటకి అర్థం చెప్పి ఊరుకోకుండా, దాన్ని ఎలా వాడాలో, దాని చుట్టుపక్కల ఏ మాటలున్నాయో చెప్పడం దాని గొప్పతనం. ఇంత చేసినా 1972లో స్పానిష్ అకాడమీ సభ్యత్వానికి ఆవిడ పేరు వస్తే ఎన్నుకోలేదు. ఆ అకాడమీలో అప్పటికి ఒక్క ఆడమనిషీ లేదు. ఆ ఎన్నికలో గెలిచిన పండితుడి పేరు చాలామందికి గుర్తులేదు. ఆవిడ నిఘంటువు మాత్రం ఇంకా అచ్చవుతూనే ఉంది.

అంత దూరమెందుకు, మన దేశంలోనే అరవింద్ కుమార్, కుసుమ్ కుమార్ దంపతులు హిందీకి ‘సమాంతర కోశ్’ అనే పర్యాయపద నిఘంటువు తయారు చేశారు. ఆయన సినిమా పత్రికకి సంపాదకుడు. 1976లో మొదలుపెట్టి, ఉన్న ఉద్యోగం వదిలి, వేలకొద్దీ కార్డులు రాసుకుంటూ ఇరవై ఏళ్ళు కష్టపడ్డారు. 1996లో నేషనల్ బుక్ ట్రస్ట్ రెండు సంపుటాలుగా వేసింది. అట్ట మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఎన్నో ఇళ్ళల్లో భర్త పుస్తకానికి సాపు ప్రతి రాసిన భార్యకి ముందుమాటలో కృతజ్ఞత కూడా దక్కదు. ఇక్కడ సగం పని చేసినావిడకి సగం పేరు దక్కింది. అది కూడా మెచ్చుకోవలసిందే.

మనం ఏం చెయ్యొచ్చు?

మనం ఎనిమిది సంపుటాలు రాయక్కర్లేదు. రెండొందల పేజీల నోటుబుక్కు చాలు. దానికి గదులవారీగా భాగాలు చేసుకోండి. వంటిల్లు, పెరడు, పురిటిగది, పూజ, కుట్లూ అల్లికలూ, చుట్టరికాలు. మాట విన్నప్పుడు నాలుగు సంగతులు రాయండి. మాట, అర్థం, ఎవరి నోట విన్నారు, వాళ్ళది ఏ ఊరు. కుదిరితే వాళ్ళన్న వాక్యం యథాతథంగా రాయండి. వాక్యం లేని మాట కుండీలో పెట్టని మొక్కలాంటిది, నిలవదు. కుదురు, దాలి, ఉట్టి, కవ్వం, గూన, గంగాళం, ఉగ్గుగిన్నె, పొత్తిగుడ్డ, వేవిళ్ళు, నలుగు... వీటిలో ఎన్ని మీ అమ్మాయికి తెలుసో అడిగి చూడండి.

ఈ పుస్తకం కొత్తకోడలున్న ఇంట్లో మరీ అవసరం. ఈ రోజుల్లో సంబంధాలు జిల్లాలూ రాష్ట్రాలూ దాటుతున్నాయి. తెలంగాణ పిల్ల గోంగూరని పుంటికూర అంటుంది, పచ్చడిని తొక్కు అంటుంది. రాయలసీమ పిల్ల పోపుని తిరగవాత అంటుంది, వేరుశనగల్ని చెనక్కాయలంటుంది. ఒకరికి ఆనపకాయైనది ఇంకొకరికి సొరకాయ. అత్తవారింట్లో నలుగురూ ఫక్కుమంటారు. ఆ పిల్ల వారం తిరిగేసరికి తన మాట మింగేసి వాళ్ళ మాట పలకడం నేర్చుకుంటుంది. ఇంటిపేరు మారింది, ఇల్లు మారింది, ఇక నోట్లో మాట కూడా మారాలా? ఆ పిల్ల మాటకీ నిఘంటువులో పీట ఉందని చూపించండి. నలిమెల భాస్కర్‌గారి ‘తెలంగాణ పదకోశం’ అలాంటి మాటలకి పెట్టిన పీటే. ఒకే ఇంట్లో ఒకే కూరకి రెండు పేర్లుంటే అది ఎగతాళి చేయాల్సింది కాదు, ఐశ్వర్యం. మనవలకి రెండూ వస్తాయి.

కొనదల్చుకున్నవాళ్ళకి ఒక సలహా. ఒక్కటే కొనగలిగితే పర్యాయపద నిఘంటువు కొనండి. రెండోది బ్రౌన్. ఇంగ్లీషు వచ్చినవాళ్ళకి ఈనాటి వాడుక మాటల కోసం 1991లో ఆక్స్‌ఫర్డ్ వేసిన గ్విన్ నిఘంటువు బావుంటుంది. సరదాగా చదువుకోవడానికి తిరుమల రామచంద్రగారి ‘నుడి–నానుడి’ ఉంది, మాటల పుట్టుక గురించి కథల్లా చెబుతారు. పుస్తకం కొనలేకపోతే ఫోనుంది కదా! ‘ఆంధ్రభారతి’ వారి సైట్లో ఒక మాట కొడితే ఎన్నో పాత నిఘంటువుల అర్థాలు ఒక్కచోట కనిపిస్తాయి. ఫార్వర్డు మెసేజీలు చూసే సమయంలో పది నిమిషాలు దీనికిస్తే చాలు.

పెళ్ళిళ్ళకి స్టీలు డిన్నర్ సెట్లు, గోడ గడియారాలు ఇచ్చి ఇచ్చి అలిసిపోయాం. ఈసారి పెళ్ళికూతురికి ఒక నిఘంటువు, ఒక ఖాళీ నోటుబుక్కు కలిపి ఇవ్వండి. మొదటి పేజీలో మీ ఊరి మాటలు ఓ పది మీరే రాసి ఇవ్వండి.

ఇక అమ్మో, అత్తగారో, పక్కింటి మామ్మగారో ఉన్నవాళ్ళు ఈ ఆదివారమే మొదలుపెట్టండి. వాళ్ళ దగ్గర నగలెక్కడున్నాయో అడిగితే కోపమొస్తుందేమో గానీ, మాటలడిగితే మాత్రం ఉన్నవన్నీ విప్పి ముందు పెడతారు. ఈ ఆస్తి కోసం ఆడపడుచులతో తగువు కూడా ఉండదు. ఎంతమంది పంచుకుంటే అంత పెరుగుతుంది.